చేప బతికితే చాలదు: ఎదిగే మెదడే కొలబద్ద కావాలి

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి పారిశ్రామికవాడల కాలుష్యం మీద నాలుగు దశాబ్దాలుగా వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. చెరువులో చేపలు చచ్చి తేలితే వార్త అవుతుంది. పైరు మాడితే రైతు ధర్నాకు దిగుతాడు. రాత్రిళ్లు ఘాటు వాసనకు నిద్ర పట్టకపోతే కాలనీవాసులు కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేస్తారు. ఇవన్నీ కంటికో ముక్కుకో తెలిసే నష్టాలు. వీటికంటే పెద్దది కాగల నష్టం మరొకటి ఉంది. అది కంటికి కనిపించదు, వెంటనే బయటపడదు, ఏ పంచనామాలోనూ నమోదు కాదు. తల్లి కడుపులోనూ, పుట్టాక తొలి ఏళ్లలోనూ రూపుదిద్దుకునే మెదడుకు జరిగే నష్టం అది. ఈ ప్రాంతపు నీటిని, నేలను పరీక్షించే మన పద్ధతుల్లో ఎదిగే నాడీకణానికి చోటు లేదు. ఆ చోటు కల్పించకుండా ఎన్ని శుద్ధి కేంద్రాలు కట్టినా, ఈ నీరు పిల్లలకు క్షేమకరమని చెప్పే హక్కు ఎవరికీ ఉండదు.

ఇప్పుడున్న నిబంధనలు ఏం కొలుస్తున్నాయో ముందు చూద్దాం. ఫ్యాక్టరీ వదిలే నీటిలో ఆమ్లత్వం, బీఓడీ, సీఓడీ, టీడీఎస్, కొన్ని భారలోహాలు చూస్తారు. సీఓడీ అంటే నీటిలోని రసాయనాలన్నీ ఆక్సీకరణం చెందడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. ఆ రసాయనాలు ఏమిటో అది చెప్పదు. చక్కెర కలిసిన నీటికైనా, మెదడు మీద పనిచేసే మందు కలిసిన నీటికైనా అదే అంకె రావచ్చు. మందుల పరిశ్రమకు అదనంగా ఒక జీవ పరీక్ష కూడా నిర్దేశించారు. శుద్ధి చేసిన వ్యర్థజలంలో చేపలను 96 గంటలు ఉంచితే నూటికి తొంభై బతకాలి. ప్రాణిని ప్రమాణంగా తీసుకోవడం నిజంగా మంచి ఆలోచన. కానీ ఆ పరీక్ష చేపను అడిగేది ఒకే ప్రశ్న: నాలుగు రోజులు బతికావా? ఆ నీటిలో పెట్టిన గుడ్డు ఎలా పొదిగింది, ఆ పిల్లచేప నాడులు సరిగ్గా అల్లుకున్నాయా, వెలుతురుకూ స్పర్శకూ అది మామూలుగా స్పందిస్తోందా అని అడగదు. చావుకూ ఆరోగ్యకరమైన ఎదుగుదలకూ మధ్య ఎంతో దూరం ఉంది. ఆ దూరమంతా మన నిబంధనలకు అందకుండా పోతోంది.

ఆ దూరం ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే నాడీకణం ఎలా పుట్టి పెరుగుతుందో తెలియాలి. గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు వైపున ఒక కణాల పొర మందమై, మడతపడి, గొట్టంలా మూసుకోవడం మొదలుపెడుతుంది. అదే నాడీనాళం. మెదడు, వెన్నుపాము రెండూ దాని నుంచే వస్తాయి. సుమారు 28వ రోజుకల్లా అది పూర్తిగా మూసుకోవాలి. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని ఇంకా తెలియనే తెలియదు. ఈ మూసుకోవడంలో ఫోలిక్ ఆమ్లం ఎంత కీలకమో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లో ప్రకటించిన పరీక్షా ఫలితాలు తేల్చాయి. నాడీనాళ లోపంతో బిడ్డను కన్న తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వాడితే, ఆ లోపం తిరిగి వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది. ఫోలేట్ చేసే పనుల్లో ఒకటి కణాలకు మిథైల్ సమూహాలు సమకూర్చడం. తాగునీటితో ఒంట్లోకి చేరిన ఆర్సెనిక్‌ను మూత్రంలో బయటికి పంపడానికి కూడా శరీరం ఆ మిథైల్ సమూహాలనే వాడుతుంది. అంటే పోషకాహారం అంతంతమాత్రంగా ఉన్న తల్లికి ఆర్సెనిక్ రెండు వైపుల నుంచీ భారమే.

నాళం మూసుకున్నాక కణాలు విపరీతమైన వేగంతో విభజన చెందుతాయి. పుట్టిన కణం పుట్టిన చోటే ఉండిపోదు. సహాయక కణాల పొడవాటి తంతువులను పట్టుకుని పాకుతూ తనకు కేటాయించిన పొరకు చేరుకుంటుంది. అక్కడ స్థిరపడ్డాక ఒక పొడవాటి తంతువును బయటికి చాస్తుంది. ఆ తంతువు కొసన నిరంతరం కదులుతూ ఉండే మొనను స్పెయిన్ శాస్త్రవేత్త శాంతియాగో రమోన్ ఇ కహాల్ 1890లో వర్ణించాడు. ఆ మొన పరిసరాల్లోని అణువులను తడిమి చూసుకుంటూ ముందుకు సాగుతుంది. నెట్రిన్ అనే ప్రొటీన్ సాధారణంగా దాన్ని దగ్గరికి రప్పిస్తుంది. సెమాఫోరిన్ల వంటివి దూరంగా నెడతాయి. ఈ సంకేతాలు మొనలోపల కాల్షియం స్థాయిని మారుస్తాయి. కాల్షియాన్ని బట్టి ఆక్టిన్ పోగులు, సూక్ష్మనాళికలు ఒకవైపు కట్టుకుంటూ, మరోవైపు విడిపోతూ తంతువును మలుపు తిప్పుతాయి. గమ్యం చేరిన కణానికి కూడా బతుకు ఖాయం కాదు. అక్కడి కణజాలం విడుదల చేసే వృద్ధికారకాలు తగినంత అందితేనే అది నిలుస్తుంది. ఇటలీలో పుట్టిన రీటా లెవీ మోంటాల్చిని 1950ల్లో కనుగొన్నది అలాంటి తొలి కారకాన్నే. అందుకే 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సంకేతాలన్నీ అతి స్వల్ప పరిమాణంలో, గ్రాములో కోట్లవంతుల లెక్కన పనిచేస్తాయి. అలాంటి వ్యవస్థను దారి తప్పించడానికి విషం దండిగా ఉండనక్కర్లేదు.

విషాలు ఎలా దారి తప్పిస్తాయో కూడా శాస్త్రానికి చాలావరకు తెలుసు. సీసం అయాన్ కాల్షియం చేరాల్సిన చోట్ల చేరి కూర్చుంటుంది. నేర్చుకోవడానికి, జ్ఞాపకానికి ఆధారమైన ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. టోలీన్ కూడా అదే గ్రాహకం మీద దెబ్బ తీస్తుంది. మిథైల్ పాదరసం సూక్ష్మనాళికల ప్రొటీన్‌కు అతుక్కుని కణాల ప్రయాణాన్నే ఆపేస్తుంది. పెద్దవాళ్ల మెదడులో ఈ నిర్మాణమంతా ముగిసి ఉంటుంది కాబట్టి అదే మోతాదు వాళ్లకు పెద్దగా హాని చేయకపోవచ్చు. పిండంలో మాత్రం ప్రతి దశకూ ఒక కాలం ఉంటుంది. అదను దాటాక ఎంత ఎరువు చల్లినా పైరు ఎలా కోలుకోదో, ఆ కాలం దాటిన మెదడూ అంతే. తర్వాత విషాన్ని ఒంట్లోంచి తీసేసినా జరగాల్సిన అల్లిక వెనక్కి వెళ్లి జరగదు.

ఇదంతా పటాన్‌చెరుకు ఎందుకు వర్తిస్తుంది? ఫిలిప్ గ్రాన్‌జాన్, ఫిలిప్ లాండ్రిగన్ అనే ఇద్దరు ప్రజారోగ్య నిపుణులు 2006లో లాన్సెట్ పత్రికలో ప్రపంచ సాక్ష్యాలన్నీ వడపోసి, మనిషి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయని రుజువైన పారిశ్రామిక రసాయనాలు ఐదని తేల్చారు: సీసం, మిథైల్ పాదరసం, పీసీబీలు, ఆర్సెనిక్, టోలీన్. 2014లో మరో ఆరింటిని చేర్చారు. వాటిలో మాంగనీస్, ఫ్లోరైడ్, క్లోర్‌పైరిఫాస్, టెట్రాక్లోరోఎథిలీన్ ఉన్నాయి. టోలీన్ బల్క్ డ్రగ్ పరిశ్రమలో నిత్యం వాడే ద్రావకాల్లో ఒకటి. పటాన్‌చెరు పరిసరాల నేలలోనూ నీటిలోనూ ఆర్సెనిక్, సీసం వంటి మూలకాలు పేరుకున్న సంగతిని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఏనాడో ప్రచురించారు. ఫ్లోరైడ్ తెలంగాణ నేలలోనే ఉంది. లాన్సెట్ జాబితాలోని పేర్లు ఈ ప్రాంతానికి పరాయివి కావు.

ఇక మందుల సంగతి. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, 2007లో ఆ ఫలితాలు ప్రచురించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. యాంటీబయోటిక్‌ల గురించి ఆ తర్వాత ఎంతో చర్చ జరిగింది. అదే నీటిలో లీటరుకు సుమారు 0.8 మిల్లీగ్రాముల సిటలోప్రామ్ కూడా ఉందన్నది ఎవరికీ పట్టలేదు. సిటలోప్రామ్ డిప్రెషన్‌కు ఇచ్చే మందు. నాడీకణాలు సెరటోనిన్‌ను తిరిగి లోపలికి తీసుకోకుండా అడ్డుకోవడమే దాని పని. సెరటోనిన్ పెద్దల్లో మనోస్థితికి సంబంధించిన రసాయనం. పిండంలో మాత్రం అది ఎదుగుదల సంకేతం. ఎలుక పిల్లల్లో సెరటోనిన్ మోతాదు మించి పోగుపడితే మీసాల స్పర్శను గుర్తించే మెదడు భాగంలో నాడుల అమరిక చెదిరిపోతుందని ప్రయోగాలు చూపాయి. 2009లో అదే బృందం పరిసర గ్రామాల బావులను పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. పరీక్షించిన ప్రతి బావిలోనూ మందుల జాడ ఉంది. కొన్ని బావుల్లో సిటలోప్రామ్ లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటింది. అదే సంవత్సరం మరో పరిశోధనలో, శుద్ధి చేసిన ఆ నీటిని 500 వంతులకు పలచన చేసినా కప్ప పిల్లల ఎదుగుదల సుమారు 40 శాతం తగ్గింది. నాడీకణం మీద పనిచేయడానికే తయారైన పదార్థం ఊరి బావిలోకి చేరితే, ఆ సంగతి మన నెలవారీ పరీక్షల్లో బయటపడలేదు. ఎక్కడో స్వీడన్‌లోని గోతెన్‌బర్గ్ నుంచి వచ్చినవాళ్లు చెబితే తెలిసింది.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. డిప్రెషన్‌కు డాక్టరు రాసే సిటలోప్రామ్ మోతాదు రోజుకు 20 మిల్లీగ్రాములు. లీటరుకు ఒక మైక్రోగ్రాము ఉన్న నీటిని రోజుకు రెండు లీటర్లు తాగినా ఒంట్లోకి చేరేది అందులో పదివేలవ వంతే. ఇంత కొద్దిదానికి భయం అవసరమా? సిటలోప్రామ్ ఒక్కదాన్నే తీసుకుంటే ఈ లెక్క బలమైనదే. ఆ బావి నీళ్ల వల్ల ఫలానా బిడ్డ మెదడు దెబ్బతిందని ఈ వ్యాసం అనడం లేదు. అలాగే డాక్టరు సలహాతో ఈ మందు వాడే గర్భిణులు దీన్ని చదివి ఆపేయకూడదు. అక్కడ తెలిసి, అవసరం కోసం, లాభనష్టాలు తూచి తీసుకునే నిర్ణయం ఉంటుంది. బావి నీళ్లు తాగే తల్లికి ఆ ఎంపికే లేదు. పైగా ఆ నీటిలో ఒక్క మందే ఉండదు. యాంటీబయోటిక్‌లు, అలర్జీ మందులు, ద్రావకాలు, లోహాలు కలిసి ఉంటాయి. ఒక్కొక్కటి విడిగా హద్దులో ఉన్నా కలిసి ఏం చేస్తాయో చెప్పే లెక్క సీఓడీలో దొరకదు. సీసం విషయంలోనైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత స్థాయి అనేదే లేదని తేల్చేసింది. కొద్దిదే కదా అన్న ధీమా అన్ని రసాయనాలకూ వర్తించదు. వేటికి వర్తిస్తుందో, వేటికి వర్తించదో తేలాలంటే ఎదిగే ప్రాణి మీద ఆ నీటినే పరీక్షించాలి.

రెండో ఆక్షేపణ రుజువు గురించి. పిల్లలు చదువులో వెనకబడటానికి పేదరికం, రక్తహీనత, అయోడిన్ లోపం, చదువురాని ఇల్లు లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి, కాలుష్యమే కారణమని ఎలా అంటారని అడుగుతారు. నిజమే, కారణాలు కలగలిసే ఉంటాయి. కానీ వాటిని విడదీసే పద్ధతి కూడా ఉంది. బంగ్లాదేశ్‌లోని అరాయిహజార్‌లో పదేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. తల్లి చదువు, ఇంటి పరిస్థితి వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, తాగే బావిలో ఆర్సెనిక్ పెరిగేకొద్దీ పిల్లల మేధాశక్తి మార్కులు తగ్గాయి. నిశ్చయమైన రుజువు కోసం చేతులు కట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో మినమాటా చెబుతుంది. జపాన్‌లోని ఆ ఊళ్లో మిథైల్ పాదరసం తెచ్చిన వింత జబ్బు 1956లోనే అధికారికంగా నమోదైంది. మావి విషాలను ఆపేస్తుందన్నది అప్పటి వైద్యుల నమ్మకం. తల్లుల్లో లక్షణాలు స్వల్పంగా ఉన్నా, అసలు లేకపోయినా, వాళ్లకు పుట్టిన బిడ్డలు తీవ్ర వైకల్యంతో ఉండటం చూశాకే ఆ నమ్మకం కూలింది. గర్భంలోనే ఈ జబ్బు సోకుతుందని అంగీకరించడానికి 1962 దాకా పట్టింది. మన దగ్గర నష్టం లేదని చెప్పడానికి కూడా రుజువు కావాలి కదా. ఆ రుజువు వెతకనే లేదు. వెతకనిది దొరకలేదు కాబట్టి లేదనడం వాదన కాదు.

మూడో ఆక్షేపణ: అవి పాత రోజులు, ఇప్పుడు పరిస్థితి మారింది అంటారు. కొంత మారిన మాట వాస్తవం. పెద్ద పరిశ్రమలు చాలావరకు వ్యర్థజలాన్ని బయటికి వదలని విధానానికి మారాయి. ఉమ్మడి శుద్ధి కేంద్రం నీటిని ఇసకవాగులోకి వదలడం మాని, 18 కిలోమీటర్ల పైప్‌లైన్ ద్వారా మళ్లించి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేశారు. అయినా రెండు ప్రశ్నలు మిగిలాయి. అక్కడ పట్నం మురుగుతో కలిసి మూసీలోకి చేరిన మందుల మాటేమిటి? దశాబ్దాలుగా ఇసకవాగు, అది కలిసే నక్కవాగు వెంట నేలలోకి, భూగర్భంలోకి ఇంకిన లోహాల మాటేమిటి? లోహం కుళ్లి నశించదు. ఫ్యాక్టరీ మూతపడినా అది నేలలోనే ఉంటుంది. ప్రమాణాల విషయంలో మార్పు మరీ మందగించింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలంలో యాంటీబయోటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. పరిస్థితి మెరుగైందనడానికి పరిశ్రమ దగ్గర ఆధారాలుంటే, కొత్త పరీక్షకు మొదట ముందుకు రావాల్సింది పరిశ్రమే.

చివరిది, అన్నిటికంటే గట్టిగా వినిపించే ఆక్షేపణ ఉపాధి గురించి. ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వేసిన పునాది మీద, 1970 పేటెంట్ చట్టం ఇచ్చిన ఊతంతో హైదరాబాద్ చుట్టూ ఎదిగిన ఈ పరిశ్రమ వేలమందికి పని, ప్రపంచంలోని పేదలకు చవక మందులు ఇస్తోంది. దాన్ని మూసేయమనడం అవివేకం. ఇక్కడ అడుగుతున్నది మూత కాదు, కొలత. ఈ పరిశ్రమలకు అతి దగ్గరగా బతికేది ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. ఇస్నాపూర్, పాశమైలారం చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే వలస కార్మికులే ఫ్యాక్టరీ గోడకు దగ్గరగా పిల్లలను పెంచుతున్నారు. ఉపాధి పేరుతో ఆ పిల్లల మెదడును పణంగా పెట్టమని ఏ కార్మికుడూ అడగలేదు. సుప్రీంకోర్టులో 1990లో వేసిన పిటిషన్ మొదలు ఈ ప్రాంత ప్రజలు, పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు లాంటివారు చేసిన పోరాటం వల్ల గ్రామాలకు మంచినీళ్లు, రైతులకు కొంత పరిహారం దక్కాయి. ఆ పరిహారం పొలాలకు, పంటలకు కట్టిన లెక్క. బిడ్డ తెలివితేటల్లో వచ్చే తరుగును ఎకరాల లెక్కన కట్టలేం. అందుకే నష్టం జరగక ముందే పట్టుకోవాలి.

పట్టుకోవడానికి కావలసినవన్నీ మన చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడున్న చేప పరీక్షను అలాగే ఉంచి, దానికి జీబ్రాఫిష్ పిండాల పరీక్షను జోడించాలి. దాని పిండం పారదర్శకంగా ఉంటుంది. ఐదు రోజుల్లోనే ఈదే పిల్ల అవుతుంది. నాడుల అల్లికను మైక్రోస్కోపులో నేరుగా చూడవచ్చు. నాడీకణాలను నడిపే మూల అణువులు చాలావరకు దానికీ మనకూ ఒకటే. చేప పిండాలతో విషపూరితతను పరీక్షించే పద్ధతిని ఓఈసీడీ 2013లోనే ప్రామాణికం చేసింది. జిల్లాలోనే కందిలో ఐఐటీ ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. శుద్ధి కేంద్రాల నీటిని, చెరువులను, బోరుబావులను మూడు నెలలకోసారి ఈ పద్ధతిలో పరీక్షించి ఫలితాలను గ్రామ పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. ఏ ఫ్యాక్టరీ ఏ మందు తయారుచేస్తోందో, ఆ మందు జాడ ఆ ఫ్యాక్టరీ వ్యర్థంలో ఎంత ఉందో వెల్లడించాలి. ఖర్చు పరిశ్రమలే భరించాలి, నమూనాలు మాత్రం స్వతంత్ర సంస్థ తీయాలి. ఇక పిల్లల వైపు నుంచి చూస్తే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో ఎదుగుదల లోపాలను ఇప్పటికే పరిశీలిస్తున్నారు. ఆ వివరాలను ఊరి నీటి పరీక్షలతో జతచేయాలి. ఆశా కార్యకర్తల ద్వారా సమ్మతి తీసుకుని, గర్భిణుల రక్తంలో సీసం, మూత్రంలో ఆర్సెనిక్ చూడాలి. పారిశ్రామికవాడ గ్రామాలను నారాయణఖేడ్ వైపు గ్రామాలతో పోల్చాలి. ఎక్కడైనా తేడా కనిపిస్తే ఆ ఊరికి వేరే నీళ్లు, తల్లులకు ఫోలిక్ ఆమ్లం, ఇనుము, పిల్లలకు తొలి ఏళ్లలోనే చికిత్స వెంటనే అందాలి.

నాడీకణం ఎలా పెరుగుతుందో తెలియని రోజుల్లో ఈ పారిశ్రామికవాడలు వెలియలేదు. కహాల్ చూసిన తంతువు మొన గురించి, మోంటాల్చిని కనుగొన్న వృద్ధికారకం గురించి, మినమాటా తల్లుల గురించి తెలిశాకే వెలిశాయి. తెలిసిన శాస్త్రాన్ని నిబంధనల్లోకి తేకపోవడం పాలకుల తప్పు, పట్టుబట్టి అడగకపోవడం మనందరి తప్పు. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి, సంగారెడ్డి జిల్లా యంత్రాంగం, ఫార్మా సంఘాలు ఒక్కచోట కూర్చుని ఎదిగే మెదడును నీటికి ప్రమాణంగా ప్రకటించాలి. ఈ ప్రాంతం నుంచి ఎన్నికైన ప్రతి ప్రజాప్రతినిధినీ ప్రజలు ఒకే మాట అడగాలి: మా ఊరి నీళ్లు చేపను బతికిస్తాయా అని కాదు, మా బిడ్డ మెదడును ఎదగనిస్తాయా అని. దానికి పరీక్షా ఫలితం చేతిలో పెట్టుకుని జవాబు చెప్పగలిగిన వారికే ఓటు అడిగే అర్హత ఉంటుంది.